మిద్దె మీది కొలిమి

నంద్యాలలో సుదర్శనం అనే ఫిజిక్సు లెక్చరర్ ఒకాయన ఉండేవాడు. ఆయనకు విశ్వంలోని సంగతులన్నీ తెలుసు, ఒక్క 'తెలియదు' అనే మాట తప్ప.

క్లాసులో పిల్లలు చిక్కు ప్రశ్న వేస్తే, "అది సిలబస్‌లో లేదు, కూర్చో" అనేవాడు. దారిన పోయేవాళ్ళు ఫలానా వీధి ఎక్కడని అడిగితే, తెలియకపోయినా చెయ్యెత్తి ఏదో ఒక దిక్కు చూపించేవాడు. అలా వెళ్ళినవాళ్ళలో కొందరు ఇంకా తిరుగుతూనే ఉన్నారని ఊళ్ళో ఒక పుకారు.

ఇలాంటి మాస్టారికి నలభై రెండో ఏట ఇనుము పిచ్చి పట్టింది. ఆ పిచ్చి ఆయనొక్కడిదే కాదు. ఊరి చివర మూతపడిన వేరుశనగ మిల్లు ఒకటి ఉంది. దాని షెడ్డులో రెండు వారాలకోసారి, ఆదివారం పొద్దున్నే, కొందరు చేరి కొలిమి వెలిగించేవారు. తాతల నాటి కమ్మరం ఎవరిదీ కాదు. అందరూ సరదా కమ్మరులే. వాళ్ళలో పళ్ళ డాక్టరు రజియా ఒకరు. పటకారు పట్టడం ఆమెకు కొత్త కాదు. "ఇనుమే నయం, కేకలు వెయ్యదు" అనేది. మిఠాయి కొట్టు ఓబులేసు ఇంకొకడు. ముప్పై ఏళ్ళు పొయ్యి ముందే గడిపినవాడు గనక సెగంటే అతనికి లెక్కలేదు.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. పాత తలుపునొకదాన్ని మధ్యలో బల్లలా వేసేవారు. ఆ రెండు వారాల్లో ఎవరు ఏం కొట్టారో తెచ్చి దాని మీద పెట్టాలి. బాగా వచ్చింది కుడివైపు, చెడిపోయింది ఎడమవైపు. పెట్టి ఊరుకుంటే చాలదు, ఎలా చెడిందో కథంతా చెప్పాలి. ఎడమవైపు పెట్టడానికి ఏమీ లేనివాళ్ళు అందరికీ టీ పోయాలి.

"ఏమీ చెడగొట్టలేదంటే ఏమీ చెయ్యలేదని అర్థం. కనీసం టీ అన్నా పోయండి" అని రజియా పెట్టిన రూలు అది.

చేరిన నాటి నుంచీ ప్రతిసారీ టీ పోసింది సుదర్శనం మాస్టారే. ఫ్లాస్కు పట్టుకుని, పెళ్ళిపందిట్లో పన్నీరు చల్లేవాడిలా నవ్వుతూ తిరిగేవాడు. అది శిక్ష అని ఆయనకు తోచనే లేదు. బిరుదు అనుకున్నాడు.

అసలు సంగతి వేరే ఉంది. అది ఆయన మిద్దె మీద, నీళ్ళ ట్యాంకు కింద, ఒక బియ్యం సంచిలో ఉండేది.

మాస్టారు తన మిద్దె మీద ఒక చిన్న కొలిమి పెట్టుకున్నాడు. పొగ వస్తోందని ఇరుగుపొరుగు గొడవ చేస్తారని భయం. అందుకని అందరూ కిటికీలు మూసుకుని కునుకు తీసే మిట్టమధ్యాహ్నం వేళ పని పెట్టుకునేవాడు. నెత్తికి తడిగుడ్డ చుట్టుకుని, నంద్యాల ఎండలో నిలబడి సుత్తె ఎత్తేవాడు. చూసేవాళ్ళెవరూ లేరు గానీ, ఉంటే ఇద్దరు సూర్యుళ్ళ మధ్య చిక్కుకున్న వడియంలా ఉన్నాడనుకునేవారు.

కొట్టడం వరకూ బాగానే కొట్టేవాడు. చిక్కంతా పదును పెట్టే దగ్గరే. ఉక్కును దానిమ్మ గింజ రంగు వచ్చేదాకా కాల్చి, చటుక్కున నూనెలో ముంచితే అది గట్టిపడుతుంది. షెడ్డులో అందరూ ఆ రంగు చూసే ముంచేవారు. మాస్టారూ ఆ రంగే చూసేవాడు. అయినా ఆయన చేసినవాటిలో సగం, రాయికి తగలగానే చాక్‌పీసుల్లా పుటుక్కుమనేవి. పుటుక్కుమన్నవన్నీ సంచిలోకి పోయేవి. మిగిలినవాటిలో అందంగా ఉన్నది ఒకటి ఏరుకుని, మెరుగుపెట్టి షెడ్డుకు తీసుకుపోయేవాడు.

ఎందుకు విరుగుతున్నాయి? ఆ ప్రశ్న ఆయన్ను చెప్పులో రాయిలా బాధపెట్టేది. వేరుశనగ నూనె మార్చి నువ్వుల నూనె పోసి చూశాడు. తర్వాత ఆముదం. ముక్కను నిలువుగా ముంచాడు, అడ్డంగా ముంచాడు. లాభం లేకపోయింది.

"ఏమండీ, ఈ నెల నూనె మనం తిన్నామా, మీ ఇనుము తిన్నదా?" అని ఆయన భార్య కాత్యాయని అడిగింది.

"ప్రయోగాలు చేస్తున్నా."

"ఆ డాక్టరమ్మను ఒక మాట అడగరాదా?"

"నేను అడగడమా! నేను ఫిజిక్సు చెప్తాను కాత్యాయనీ."

"మీరు చెప్తారు సరే. ఇనుము వినొద్దూ?" అని ఖాళీ నూనె డబ్బా ఆయన ముందు బోర్లించి వెళ్ళిపోయింది.

ఇలా ఉండగా ఒక ఆదివారం ఓబులేసు తన వెంట ఒక మనిషిని షెడ్డుకు తీసుకొచ్చాడు. ఆమె పేరు సుంకులమ్మ. రోళ్ళకు గంట్లు కొట్టడం ఆమె పని. వాడగా వాడగా రోలు లోపల నున్నబడిపోతుంది. నున్నటి రోట్లో పచ్చడి నలగదు, జారుతుంది. ఉలితో లోపలంతా సన్నని గుంటలు కొడితే మళ్ళీ పట్టు వస్తుంది. ఓబులేసు కొట్లో రోలుకు గంట్లు కొడుతూ, తన ఉలి అరిగిపోయిందని ఆమె వాపోతే, "మా షెడ్డుకు రా, చూద్దాం" అన్నాడు.

ముందు ఎప్పటిలాగే బల్ల చుట్టూ కబుర్లు మొదలయ్యాయి. ఓబులేసు కుడివైపు, జిలేబీలు తీసే కొత్త ఊచ పెట్టాడు. ఎడమవైపు మెలికలు తిరిగిన ఇంకో ఊచ పెట్టాడు.

"దీన్ని చూసి మా పనోళ్ళు, వోనరు ఇనుముతో గూడా జిలేబీ పోసినాడని ఒకటే నవ్వు" అన్నాడు.

రజియా మునక్కాయలు కోసే కొక్కెం ఒకటి పెట్టి, ఎడమవైపు మాడిన ముద్ద ఒకటి పెట్టింది. "కొలిమిలో పెట్టి ఫోను మాట్లాడుతూ మరిచిపోయాను. కరిగిపోయింది."

"ఎవరమ్మా ఫోన్లో, అంతసేపు?"

"మా అత్త."

"అయితే కరగక ఏం చేస్తుంది!" అన్నాడు ఓబులేసు. షెడ్డు ఘొల్లుమంది.

సుదర్శనం మాస్టారు తళతళలాడే ఉలి ఒకటి కుడివైపు పెట్టాడు. ఎడమవైపు చేతులు దులిపి చూపించాడు. ఫ్లాస్కు అందుకున్నాడు.

సుంకులమ్మ చూపు ఆ ఉలి మీద పడింది. దాన్ని చేతిలోకి తీసుకుని, ఇటూ అటూ తిప్పింది.

"సార్, మా ఊరి కమ్మరాయన పోయినంక నాకు ఉలి చేసేటోళ్ళే లేరు. అంగట్లో కొన్నవి రెండు రోళ్ళకే మొద్దుబారతాండాయి. బైపాసు రోడ్డు మీద కొత్త సంగటి హోటలు పెడతాండారు. గురువారం తెరుస్తారు. ఆలోపల ఆరు రోళ్ళకు గంట్లు కొట్టియ్యాల. లేకుంటే మిక్సీలు పెట్టుకుంటానన్యాడు హోటలాయన. ఆయప్ప పెట్టుకుంటే ఈ రోడ్డెంబడి హోటళ్ళన్నీ పెట్టుకుంటాయి. ఇంగ నాకు పనేముంటాది? నాలుగు ఉలులు సేసియ్యండి సార్."

"నేను చేస్తే పదిలో నాలుగు పోతాయి. రాతి మీద కొట్టే ఉలి విరిగితే, ముక్క ఎవరి కంట్లో పడుతుందో" అంది రజియా.

"నా సంగతి చూస్తూనే ఉండారు, జిలేబీ" అన్నాడు ఓబులేసు.

ఇద్దరూ ఒకేసారి బల్ల ఎడమవైపు చూశారు. మాస్టారి ముందు ఖాళీ. అన్ని ఆదివారాలూ ఖాళీయే.

"మాస్టారే చెయ్యాల. ఆయన చేతిలో ఒక్కటీ చెడదు" అన్నాడు ఓబులేసు.

మాస్టారు ఫ్లాస్కు మూత బిగించాడు. ఇప్పుడు నిజం చెప్పేస్తే? చెప్తే ఇన్నాళ్ళూ పోసిన టీ అంతా నేలపాలైనట్టే. సుంకులమ్మ ఆయన వంక కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తోంది.

"ఓ, దానికేం! రేపు పొద్దున్నకల్లా నాలుగు ఇస్తా" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే మిద్దె ఎక్కాడు. ఏడు ఉలులు చేశాడు. మూడు పుటుక్కుమన్నాయి. నాలుగు నిలిచాయి. ఆ నాలుగింటినీ రాతి మీద ఇంకోసారి కొట్టి చూశాడు. ఎలా కొట్టాడంటే, పసిపిల్లకు తేన్పు రావాలని వీపు తట్టినట్టు. గట్టిగా కొడితే నిజం తెలిసిపోతుందని భయం మరి! మర్నాడు పొద్దున్న అద్దంలా మెరుగుపెట్టి సుంకులమ్మకు ఇచ్చేశాడు.

ఇచ్చాడే గానీ, కాలేజీలో కాలు నిలవలేదు. మధ్యాహ్నం భోజనం గంటలో స్కూటరు తీసి నేరుగా బైపాసు రోడ్డుకు పోయాడు. హోటలు వెనక ఆరు రోళ్ళు వరసగా ఉన్నాయి. మొదటి రోలు ముందు సుంకులమ్మ గొంతుక్కూర్చుని ఉంది. పక్కనే ఒక ఉలి రెండు ముక్కలై పడి ఉంది.

"రా సార్. ఒగటి పాయ. నా సుత్తె దెబ్బే ఎక్కువైనట్టుండాది" అంది సుంకులమ్మ, తప్పు తనదే అయినట్టు.

మాస్టారు ఇక్కడన్నా ఆపమనాలి. ఆపమనలేదు. "కాస్త మెల్లగా కొట్టు సుంకులమ్మా" అన్నాడు.

ఆమె తలూపి రెండో ఉలి అందుకుంది. మెల్లగానే కొట్టింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో దెబ్బకు టిక్కుమని ఒక చప్పుడు. సుంకులమ్మ సుత్తె వదిలేసి ముఖం పట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారింది.

మాస్టారు పరుగున వెళ్ళి చెయ్యి తీసి చూశాడు. కన్ను ఉంది. ముక్క కనుబొమ్మలో దిగింది. ఇంకొక్క బియ్యపు గింజంత కిందికి వచ్చి ఉంటే!

కొంగు అదిమిపట్టుకుని సుంకులమ్మ అడిగింది. "ఎందుకు ఇరుగుతాండాయి సార్? నా దెబ్బదేనా తప్పు?"

మాస్టారు నోరు తెరిచాడు. అలవాటు కొద్దీ రెండు మూడు పెద్ద పెద్ద మాటలు నాలుక చివరికి వచ్చాయి. నెత్తురు ఆమె కనురెప్ప మీదికి దిగుతోంది. ఆ మాటలు అక్కడే ఎండిపోయాయి.

"నీ తప్పు కాదు. నేను చేసినవి చాలా విరుగుతాయి. ఎందుకో నాకు తెలియదు."

"ఇరుగుతాయని తెలిసే ఇచ్చినావా సార్?"

ఆ ప్రశ్న కూడా సిలబస్‌లో లేదు. మాస్టారు అవునన్నట్టు తలూపాడు.

ఆమెను స్కూటరు మీద ఎక్కించుకుని రజియా క్లినిక్కు తీసుకుపోయాడు. పళ్ళు పీకే కుర్చీలో కూర్చోబెట్టి రజియా కనుబొమ్మకు కట్టు కట్టింది. మాస్టారు అక్కడి నుంచి ఇంటికి పోయి, మిద్దె ఎక్కి, ట్యాంకు కింది సంచిని భుజాన వేసుకున్నాడు. ఆయన కబురు పెడితే మూడు గంటలకు అందరూ షెడ్డులో కలిశారు. ఓబులేసు కొట్టు పనివాళ్ళకు వదిలి వచ్చాడు.

మాస్టారు సంచి విప్పి బల్ల మీద ఎడమవైపు దొర్లించాడు. గలగలమని పడుతూనే ఉన్నాయి. ఓబులేసు నోరు తెరిచి లెక్కపెట్టాడు.

"ముప్పై ఒకటి! మాస్టారూ, మీరు సరదాకు చేస్తున్నారా, హోల్‌సేల్‌గా చేస్తున్నారా?"

రజియా మాత్రం నవ్వలేదు. "ప్రతిసారీ మీ ఎడమవైపు ఖాళీ చూసి ఇంటికి పోయి ఏడ్చేదాన్ని మాస్టారూ. నాకే చేతకాదేమో, మానేద్దామా అనుకున్నాను. మీ సంచి ఇంత బరువుందని ఒక్కసారి చెప్పుంటే నేను హాయిగా నిద్రపోయేదాన్ని. ఈమె కనుబొమ్మా బాగుండేది."

మాస్టారు ఖాళీ సంచి కింద పెట్టాడు. "తప్పయింది" అన్నాడు. 'తెలియదు' లాగే ఆ మాట కూడా ఆ రోజే నేర్చుకున్నాడు.

సుంకులమ్మ కట్టు సర్దుకుంటూ ముందుకు వచ్చింది. "తిట్టుకునేది తర్వాత తిట్టుకోండి. నాకు మూడు దినాలే ఉండాయి. ముందు ఎందుకు ఇరిగిందో సూడండి."

అందరూ బల్ల మీదికి వంగారు. రజియా పళ్ళు చూసే బుల్లి అద్దం తీసింది. మాస్టారి ఉలి విరిగిన చోట టార్చి వేసింది. పక్కనే తాను ఎప్పుడో విరగ్గొట్టిన ముక్క పెట్టింది. తన ముక్క లోపల విభూతిలా మెత్తగా, బూడిదరంగుగా ఉంది. మాస్టారి ముక్క లోపల రవ్వలు రవ్వలుగా మిలమిల మెరుస్తోంది.

ఓబులేసు అద్దం లాక్కుని చూశాడు. "అరె, ఇది కలకండ! పాకం ముదిరింది మాస్టారూ. మీరు ఎక్కువ కాల్చినారు."

"లేదయ్యా! దానిమ్మ గింజ రంగు రాగానే తీశాను. నా కళ్ళతో చూశాను."

"మేమూ ఆ రంగుకే తీస్తాం కదా. మరి మీ కంటికి దానిమ్మంటే ఏది?" అంది రజియా. "ఇప్పుడు కాల్చి చూపించండి."

మాస్టారు కొలిమిలో ఒక ఊచ పెట్టాడు. ఓబులేసు గాలి పంకా పిడి తిప్పాడు. ఊచ ఎర్రబడింది. "ఇదీ ఆ రంగు" అని మాస్టారు బయటికి తీశాడు. రజియా చూసింది, ఓబులేసు చూశాడు. నిజమే, దానిమ్మ గింజే. కంటి దోషమూ కాదు. మరి?

ఊచను మళ్ళీ కొలిమిలో పెట్టి అందరూ తల గోక్కున్నారు. చిత్రమేమిటంటే, అప్పటికి మాస్టారి ముఖంలో సిగ్గు పోయింది. చీమల పుట్టను మొదటిసారి చూసిన పిల్లవాడిలా ఉన్నాడు. ఇంతకాలం ఒక్కడే తలబాదుకున్న ప్రశ్న చుట్టూ ఇప్పుడు నాలుగు తలలున్నాయి!

"నీ కొలిమి యాడ పెట్టినావు సార్?" అంది సుంకులమ్మ.

"మిద్దె మీద."

"పైన పందిరుందా?"

"లేదు. నడినెత్తిన ఎండ..."

మాస్టారు మాట మధ్యలో ఆగిపోయాడు. కొలిమిలోంచి పటకారుతో ఊచను తీసి, గబగబా షెడ్డు తలుపు దాటి ఎండలోకి నడిచాడు. వెనకే ముగ్గురూ పరుగెత్తారు.

ఎండ తగలగానే ఊచ నల్లబడిపోయింది.

"ఆరిపాయె!" అన్నాడు ఓబులేసు.

సుంకులమ్మ కింద పడి ఉన్న కాగితం ముక్క తీసి దానికి తాకించింది. కాగితం భగ్గుమంది. ఆరలేదు! మాస్టారు ఊచను మళ్ళీ షెడ్డు నీడలోకి తెచ్చాడు. దానిమ్మ గింజ. ఎండలోకి పట్టుకుపోయాడు. నలుపు. నీడలోకి. దానిమ్మ. పాతికేళ్ళు దాటిన నలుగురు మనుషులు గడప దగ్గర లోపలికీ బయటికీ గంతులు వేశారు. "నాకు, నాకు" అని పటకారు లాక్కున్నారు.

తర్వాత దాన్నే తిరగేసి చేశారు. ఊచను బాగా కాల్చి ఎండలోకి తీసుకుపోయి చూడటం, రంగు చాలకపోతే మళ్ళీ కాల్చడం. ఎండలో దానిమ్మ గింజలా కనిపించేదాకా కాల్చి, అప్పుడు నీడలోకి తెచ్చారు. మామిడిపండులా పసుపుపచ్చగా ధగధగమంది.

"అమ్మో, ఇంత ముదరబెట్టినావా సార్!" అని సుంకులమ్మ బుగ్గలు నొక్కుకుంది.

రజియా నవ్వు ఆపుకోలేకపోయింది. "మాస్టారూ, కాలేజీలో కాంతి పాఠం చెప్పేది మీరే కదా?"

"పద్దెనిమిదేళ్ళుగా."

"పిల్లలకు అర్థమైందంటారా?"

"వాళ్ళ సంగతేమో గానీ, నాకు ఇవాళ అర్థమైంది" అన్నాడు మాస్టారు. అందరికంటే ముందు ఆయనే నవ్వాడు.

మర్నాడు ఆయన కాలేజీకి సెలవు పెట్టి, షెడ్డు నీడలో ఆరు ఉలులు కొట్టాడు. రజియా ఇచ్చిన కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక్కొక్కదాన్నీ బండరాతి మీద ఒళ్ళంతా ఊగేలా కొట్టి చూశాడు. ఐదు నిలిచాయి. ఒకటి విరిగింది. అది విరగ్గానే ఆయనే దాన్ని ఎత్తి, "రండి, రండి, ఇది ఇంకో రకంగా పోయింది!" అని పండగలా అందరినీ పిలిచాడు.

సుంకులమ్మ మాత్రం మాటలతో నమ్మలేదు. "ముందు నువ్వు కొట్టు సార్. ఇరిగితే నీ ముఖానే ఇరగాల" అంది. న్యాయమైన మాట. మాస్టారు హోటలు వెనక రెండో రోలు ముందు గొంతుక్కూర్చుని, ఐదు ఉలులతోనూ నూరు దెబ్బలు కొట్టాడు. ఉలులు చెక్కుచెదరలేదు. గంట్లు మాత్రం కోడి కెలికినట్టు వచ్చాయి. అప్పుడు సుంకులమ్మ ఉలి తీసుకుని పనిలో కూర్చుంది. ఇప్పుడు ఆమె కళ్ళకూ అద్దాలున్నాయి. బుధవారం సాయంత్రానికి ఆరు రోళ్ళూ పూర్తయ్యాయి.

గురువారం హోటలు తెరిచారు. రోటిపచ్చడి, రాగి సంగటి. జనం కిటకిటలాడారు. మిక్సీ మాటెత్తినవాడు లేడు. హోటలాయన రోళ్ళు చూసుకుంటూ రెండో రోలు దగ్గర ఆగాడు.

"సుంకులమ్మా, అన్నీ ముత్యాల్లా కొట్టినావు. దీంట్లో సగం ఇట్లా వంకర టింకరగా ఎవరు కొట్టినారు?"

సుంకులమ్మ నోరు విప్పేలోపే, సంగటి ముద్ద చేతిలో పట్టుకుని విస్తరి ముందు నుంచి ఒకాయన లేచాడు.

"నేను కొట్టాను! వంకర ఎందుకు పోయాయో నాకు తెలియదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి" అన్నాడు సుదర్శనం మాస్టారు, హోటలంతా వినబడేలా.

ముగ్గురు లేచి వచ్చారు చెప్పడానికి.

నీతి: తప్పును దాచుకుంటే అది ఎందుకు జరిగిందో మనకూ తెలియదు, పైగా ఏ పాపమూ ఎరగనివాళ్ళకు గాయం చేస్తుంది, నలుగురిలో విప్పి చూపిస్తే ఆ తప్పే మనకు గురువవుతుంది.